నిజం చెప్పిన పిల్లాడికే శిక్షా?

మళ్లీ అదే కథ. పదిహేనేళ్ల పిల్లలు నలుగురైదుగురు. ఒకడి సంచిలో ఏదో దొరికింది. ఇంకొకడు భయంతో వణికిపోతూ టీచరు దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాడు. సాయంత్రానికల్లా అందరూ బడి బయట ఉన్నారు, చెప్పినవాడితో సహా. ఇలాంటి వార్తలు రాయడం మాకు కొత్త కాదు. ఊరి పేరు మారుతుంది, బడి పేరు మారుతుంది, యాజమాన్యం ప్రకటన మాత్రం మారదు: మత్తు వ్యవహారంలో ఉన్న విద్యార్థులందరినీ తొలగించాం, క్రమశిక్షణ విషయంలో రాజీ లేదు. ఆ ‘అందరి’లో మొదట నోరు విప్పిన పిల్లాడు కూడా ఉన్నాడన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు. మాకు పట్టింది. ఈ సంపాదకీయం వాడి కోసమే.

వాడిని గెంటేసిన రోజు ఆ బడిలో మిగిలిన వందలమంది పిల్లలు ఏం నేర్చుకున్నారో యాజమాన్యం ఒక్క క్షణమైనా ఆలోచించిందా? డ్రగ్స్ జోలికి పోకూడదని వాళ్లు నేర్చుకోలేదు. దొరకకూడదని నేర్చుకున్నారు. అంతకంటే ముఖ్యంగా, పెద్దవాళ్లకు చెప్పకూడదని నేర్చుకున్నారు. రేపు వీళ్లలో ఒకరికి అలాంటి పరిస్థితే ఎదురైతే టీచరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికే దొరికిపోయింది. ఆ జవాబు ఇచ్చింది బడే.

తోటివారి ఒత్తిడి అనగానే పెద్దలకు బడి గేటు పక్కన నక్కి ఉన్న ఎవడో ముక్కూమొహం తెలియనివాడు గుర్తొస్తాడు. చాలాసార్లు అక్కడ ఉండేది నిన్న హోంవర్క్ చూపించిన స్నేహితుడే. ఎవరిదో పుట్టినరోజు. తలుపు గడియ వేసి ఉంది. ఆరుగురు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఆవిరి పీల్చే వేప్ పెన్ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వస్తోంది. ఎవరూ బలవంతం చేయడం లేదు. ‘తీసుకోరా’ అని కూడా అనడం లేదు. వీడి వంతు వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి, అంతే. ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. తెర మీద రికార్డింగ్ చుక్క ఎర్రగా వెలుగుతోంది. ‘వద్దు’ అనడానికి రెండు అక్షరాలు చాలు. కానీ ఆ మాట అంటే రేపు బస్సులో పక్కన ఎవరైనా కూర్చుంటారా, గ్రూపులో పేరు ఉంటుందా, ఆ వీడియో ఎవరెవరికి వెళ్తుంది? అన్నీ మూడు సెకన్లలో తేల్చుకోవాలి. పీల్చాడు. దగ్గొచ్చింది. అందరూ నవ్వారు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా వాడూ నవ్వాడు.

ఆ పెన్నులో ఏముందో ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 38 బడుల్లో పిల్లల దగ్గర స్వాధీనం చేసుకున్న 596 వేప్‌లను పరీక్షించారు. దాదాపు ప్రతి ఆరింటిలో ఒక దాంట్లో ‘స్పైస్’ అనే సింథటిక్ మత్తు బయటపడింది. మామూలు నికోటినో, మహా అయితే కాస్త గంజాయి నూనో అనుకుని పీల్చిన పిల్లలు వాళ్లలో ఎంతమందో!

‘గట్టిగా వద్దనాలి’ అని ఉపన్యాసం ఇచ్చే పెద్దలు ఒక విషయం అర్థం చేసుకోవాలి. అదే పిల్లాడు ఒంటరిగా ఉన్నప్పుడు ఒకలా, స్నేహితుల ముందు ఇంకోలా ఉంటాడు. అది వాడి పెంపకంలో లోపం కాదు, ఆ వయసు తీరు. 2005లో గార్డ్‌నర్, స్టెయిన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 306 మందితో కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటి కంటే పక్కన స్నేహితులు ఉన్నప్పుడు ఎక్కువ రిస్కు తీసుకున్నారు. ఆ తేడా పెద్దవాళ్లలో కంటే 13–16 ఏళ్ల పిల్లల్లో చాలా ఎక్కువ. ఆ తర్వాత 2011లో మెదడును స్కాన్ చేస్తూ ఇలాంటి ఆటే ఆడించారు. తమను తోటివాళ్లు చూస్తున్నారని తెలిస్తే చాలు, సంతోషాన్ని, లాభాన్ని లెక్కగట్టే మెదడు భాగాలు టీనేజర్లలో మరింత చురుగ్గా పనిచేశాయి. పగ్గం వేయాల్సిన ముందు భాగమేమో ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఆ గదిలో ఆ ఎర్ర చుక్క ముందు మన ఉపన్యాసం ఎంతసేపు నిలబడుతుంది?

మరి నిలబడేది ఏమిటి? దీనికి జవాబు 1950ల నుంచీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. సాలమన్ ఆష్ అనే శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు గీతలు చూపించి, ఏది దేనితో సమానమో చెప్పమన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా ముందే మాట్లాడుకుని ఒకే తప్పు జవాబు చెప్తుంటే, కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్న నిజాన్ని కాదని దాదాపు మూడింట ఒక వంతు జవాబుల్లో విద్యార్థులు గుంపుతో గొంతు కలిపారు. ఆ గుంపులో ఒక్కరు, ఒకే ఒక్కరు, సరైన జవాబు చెప్పినప్పుడు ఈ తప్పులు అంతకుముందున్న వాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. గుంపు అలాగే ఉంది, ఒక్క తోడు దొరికింది, అంతే తేడా.

ఇప్పుడు మళ్లీ ఆ టీచరు దగ్గరికి వెళ్లిన పిల్లాడిని చూడండి. ఆ గుంపులో ఆ ఒక్కడు వాడే. ఆలస్యంగానైనా, తానూ ఒకసారి పీల్చాకైనా, ‘ఇది తప్పు’ అని బయటికి చెప్పిన మొదటి గొంతు వాడిది. ఇంకో నలుగురికి ‘నాకూ వద్దు’ అనే ధైర్యం వచ్చేది వాడి వల్లే. బడి చేతికి దొరికిన అతి విలువైన పిల్లాడు వాడు. వాడినే పట్టుకుని బయటికి తోసేశారు.

ఇక్కడ ఒక వాదన ఉంది, కాదనం. బడిలో వెయ్యిమంది పిల్లలుంటారు, వాళ్ల తల్లిదండ్రులకు యాజమాన్యం జవాబు చెప్పుకోవాలి, ఒకడిని వదిలేస్తే పదిమందికి భయం పోతుంది అంటారు. సరే, మరి ఆ వెయ్యిమందికి ఏం మేలు జరిగిందో చూద్దాం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 3,200 మందికి పైగా విద్యార్థులను పరిశీలించి 2015లో ఒక అధ్యయనం వెలువడింది. డ్రగ్స్ వాడితే సస్పెండ్ చేసే విధానం ఉన్న బడుల్లో పిల్లలు మరుసటి ఏడాది గంజాయి వాడే అవకాశం అలాంటి విధానం లేని బడుల కంటే 1.6 రెట్లు ఎక్కువగా కనిపించింది. సస్పెండైన పిల్లల గురించి మాత్రమే కాదు, బడి మొత్తం గురించి చెప్పిన లెక్క ఇది. పట్టుబడ్డవాళ్లను కౌన్సెలర్ దగ్గరికి పంపే బడుల్లో ఆ అవకాశం దాదాపు సగానికి తగ్గింది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోయిందని మేం అనం. కానీ గెంటివేతతో మిగతావాళ్లు బాగుపడతారని నమ్మేవాళ్లు తమ దగ్గరున్న ఆధారం కూడా చూపించాలి కదా!

గెంటేసిన పిల్లాడు ఎక్కడికి పోతాడు? పొద్దున్నే లేవక్కర్లేదు, ఆటల్లేవు, పలకరించే టీచరు లేడు. ఇరుగుపొరుగు తమ పిల్లల్ని వాడితో మాట్లాడొద్దంటారు. వాడితో మాట్లాడేవాళ్లు ఇక మిగిలింది ఎవరు? అంతకుముందే బడి వదిలేసినవాళ్లు, వాడికి ఆ సరుకు అమ్మినవాళ్లు. వాళ్ల దగ్గరికి వాడిని మనమే చెయ్యి పట్టుకుని పంపుతున్నాం.

అమ్మేవాడి సంగతి వేరు. పిల్లలకు మత్తు అలవాటు చేసి డబ్బు చేసుకునే పెద్దవాళ్ల మీద ఎంత కఠినంగా ఉన్నా మాకు అభ్యంతరం లేదు, ఉండాలి కూడా. కానీ ఆ పెద్దవాళ్లను పట్టుకోవడానికి ఉన్న దారి ఏది? సరుకు ఎవరిచ్చారో చెప్పగలిగేది ఆ పిల్లాడే. నోరు విప్పితే చదువు పోతుందని వాడికి ముందే తెలిస్తే, అమ్మకందారుడికి అంతకంటే పెద్ద కాపలా ఏం కావాలి?

ఇక రాయడానికే చెయ్యి వణికే విషయం ఇంకొకటి ఉంది. అదే గది, ఇంకో రాత్రి. ఒకడు పడిపోయాడు. పిలిస్తే పలకడం లేదు. గురకలాంటి శబ్దం, పెదాలు నీలంగా మారుతున్నాయి. మిగతావాళ్లు మొహాన నీళ్లు చల్లారు, చెంపల మీద కొట్టారు. ‘పడుకోనివ్వండి, పొద్దునకు సర్దుకుంటాడు’ అన్నాడొకడు. అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామని ఒక అమ్మాయి అంది. ‘పిచ్చా నీకు, అందరం బయటికే’ అన్నారు మిగతావాళ్లు. నల్లమందు జాతి మందులు ఊపిరిని నెమ్మదింపజేసి ఆపేస్తాయి. ప్రాణవాయువు అందకపోతే కొన్ని నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. వెల్లకిలా పడుకున్న మనిషి వాంతి గొంతుకు అడ్డం పడి కూడా చనిపోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఫోన్ చేసి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్తే బతికే అవకాశం ఉంది. ఆ మందుల ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ సమయానికి అందితే ఆగిపోతున్న ఊపిరి తిరిగి వస్తుంది. ఇదంతా ఆ అమ్మాయి చేయబోయిన ఒక్క ఫోన్ మీద ఆధారపడి ఉంది. ఆ ఫోన్‌ను ఆపింది మత్తు కాదు, మన రూల్సు.

ఈ సంగతి చట్టాలు చేసేవాళ్లు కొందరు గ్రహించారు. ఓవర్‌డోస్ అయినప్పుడు సాయం కోసం ఫోన్ చేసినవాళ్ల మీద డ్రగ్స్ దగ్గర ఉంచుకున్నారన్న కేసు పెట్టకుండా రక్షణ ఇస్తూ 2007లో అమెరికాలోని న్యూ మెక్సికో చట్టం చేసింది. తర్వాత ఆ దేశంలో చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2017లో కెనడా దేశమంతటికీ అలాంటి చట్టం తెచ్చింది. పోలీసులూ కోర్టులూ ఒక మెట్టు దిగి, ముందు ప్రాణం, తర్వాత కేసు అన్నాయి. పిల్లల్ని పెంచడమే పనిగా పెట్టుకున్న బడులు ఆ మాత్రం అనలేవా?

ఇంటి సంగతి కూడా మాట్లాడాలి. ‘మావాడు బంగారం, స్నేహాలే చెడగొట్టాయి’ అనని తల్లిదండ్రులు లేరు. ప్రతి ఇంట్లోనూ ఇదే మాటైతే ఆ చెడ్డ స్నేహితుడు ఏ ఇంటి పిల్లాడు? పిల్లలు గుంపు చూసి మారతారు, నిజమే. తమలాంటివాళ్లను వెతుక్కుని కూడా గుంపు కడతారు. మన పిల్లాడు ఇంకొకరింట్లో ‘ఆ చెడ్డ స్నేహం’ అయి ఉండొచ్చని ఒప్పుకోవడానికి మనసు రావాలి. పెద్దవాళ్ల విందులో గ్లాసు వద్దన్న మనిషిని ‘ఒక్కటి తీసుకో, ఏం కాదు’ అని అరగంట బతిమాలుతాం. ఆ మాట పక్క గదిలో పిల్లలకు వినపడుతూనే ఉంటుంది. నెల తిరగకముందే అదే మాట పిల్లల గదిలో వినిపిస్తే బెల్టు తీస్తాం. ఆ బెల్టుకు భయపడే పిల్లాడు ఏం చేస్తాడు? బడిలో చేసినట్టే చేస్తాడు. దాస్తాడు.

జూన్ 26 వస్తే ప్రతిజ్ఞలు, పోస్టర్లు, వ్యాసరచన పోటీలు. 1987లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును మత్తు పదార్థాల వ్యతిరేక దినంగా నిర్ణయించింది. తప్పులేదు, జరుపుకోవచ్చు. కానీ నినాదాలతో పని జరగదని ఈపాటికి తెలియాలి. 1983లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ‘డేర్’ అనే మత్తు వ్యతిరేక కార్యక్రమంలో పోలీసులే తరగతి గదికి వచ్చి పాఠం చెప్పేవారు. ఆ దేశమంతా పాకింది. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, పాఠం విన్న పిల్లలకూ విననివాళ్లకూ డ్రగ్స్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోవైపు ఐస్‌లాండ్ తల్లిదండ్రులతో ఒప్పందాలు రాయించింది, సాయంత్రాలు ఆటలకూ కళలకూ డబ్బు పెట్టింది, ఏటా పిల్లల్నే అడిగి తెలుసుకుంది. అక్కడ 15–16 ఏళ్లవాళ్లలో గంజాయి వాడినవాళ్లు 1998లో 17 శాతం ఉంటే 2016 నాటికి 7 శాతానికి తగ్గారు. అడిగితే పిల్లలు నిజం చెప్పారు. చెప్పినందుకు వాళ్లను ఎవరూ బడి నుంచి పంపేయలేదు.

కాబట్టి యాజమాన్యాలను మేం సూటిగానే అడుగుతున్నాం. మీ బడి నిబంధనల పుస్తకం తెరవండి. డ్రగ్స్ వాడిన విద్యార్థిని ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది, తొలగింపు అని. వచ్చి చెప్పిన విద్యార్థిని ఏం చేయాలో రాసి ఉందా? అర్ధరాత్రి స్నేహితుడి కోసం అంబులెన్స్ పిలిచిన అమ్మాయిని ఏం చేస్తారో రాసి ఉందా? ఆ పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక టీచరు పేరైనా ఉందా? లేకపోతే ఈసారి జూన్ 26న పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి చెయ్యి చాపించకండి. ముందు మీరు కూర్చుని ఆ పేజీ రాయండి. మొన్న గెంటేసిన ఆ పిల్లాడి ఇంటికి మనిషిని పంపి, వాడిని తరగతికి తిరిగి పిలవండి.