ఫోనుకు బాలింత పథ్యం

మా ఇంట్లో మొన్న మంగళవారం అర్ధరాత్రి దాటాక ఒక పురుడు జరిగింది. క్షవరానికి కూడా వారం చూసే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో, ముహూర్తం లేకుండా, యజమానిని ఒక్క మాటైనా అడగకుండా, నా ఫోను అప్‌డేట్ అయి కొత్త వెర్షన్‌ను కన్నది. పడుకోబోయే ముందు దానిని చార్జర్‌కు తగిలించడమే నా అంగీకారమట. తెల్లవారి లేచేసరికి తెర మీద శుభలేఖ ఉంది: ఇకపై మీ ఫోను మరింత వేగంగా, మరింత భద్రంగా, మరింత తెలివిగా పనిచేస్తుందని. ఆ మూడు మరింతల్లో బ్యాటరీ మాట లేదని అప్పుడే గమనించి ఉండవలసింది.

ఉదయం 7 గంటలకు చార్జ్ 100 శాతం. పాలు తెచ్చి, కాఫీ తాగి, పేపరు తిరగేసేసరికి 81. పదకొండింటికి 34. భోజనాల వేళకు ఫోను గోడకు జారగిలబడింది, మళ్లీ లేవలేదు. తల్లీబిడ్డలు క్షేమమని చెప్పడానికి లేదు. బిడ్డ దివ్యంగా ఉంది, రంగులు మార్చుకుంది, చదరంగా ఉన్న బొత్తాలను గుండ్రంగా చేసుకుంది. తల్లే కళ్లు తెరవడం లేదు.

పురిటి ఇంటికి చుట్టాలు రాకుండా ఉంటారా? ముందుగా మా బావమరిది వచ్చాడు. "బావా, వెనకాల ఇన్ని యాప్‌లు తెరిచిపెట్టుకుంటే బ్యాటరీ ఎలా నిలుస్తుంది?" అంటూ ఫోను అందుకుని, బొటనవేలితో ఒక్కొక్క యాప్‌నూ పైకి ఎగరేశాడు, చేటలో బియ్యం చెరిగినంత ఒడుపుగా. అయిదు నిమిషాలకు అవన్నీ తిరిగి వచ్చి కూర్చున్నాయి. ఈ చెరుగుడు వల్ల బ్యాటరీకి ఒరిగేదేమీ లేదని ఆండ్రాయిడ్ పెద్దలూ, ఐఫోన్ పెద్దలూ 2016లోనే చెప్పారు. మూసిన యాప్‌ను మొదటి నుంచి నిద్రలేపడానికే ఎక్కువ ఖర్చవుతుంది. అయితే బావమరిదితో వాదించి గెలిచినవాడికి ఇంట్లో భోజనం ఉండదు కనుక నేను ఆ సంగతి ఎత్తలేదు.

తరువాత పక్కింటి పెద్దాయన. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసిన అధికారం ఆయనది. "పూర్తిగా సున్నాకు దించండి, ఆపైన ఏకబిగిన నూటికి ఎక్కించండి. మూడుసార్లు ఇలా చేస్తే దానికి జ్ఞాపకశక్తి వస్తుంది" అన్నారు. ఇది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి వైద్యం. ఇప్పుడు మన జేబుల్లో ఉన్నది లిథియం అయాన్ జాతి. 1991లో సోనీ వారు బజారులోకి తెచ్చిన నాటి నుంచీ దానికి కటిక ఉపవాసమూ పడదు, విందు భోజనమూ పడదు. 20కీ 80కీ మధ్య మితంగా తింటూ ఉంటే నాలుగు కాలాలు బతుకుతుంది. ఆ జాతి మూలపురుషులలో ఒకరైన జాన్ గుడినఫ్‌కు 2019లో, 97 ఏళ్ల వయసులో, నోబెల్ బహుమతి వచ్చింది. నూరేళ్లూ నిండాకే 2023లో ఆయన వెళ్లిపోయారు. ఆయన సృష్టికి మాత్రం మా ఇంట్లో రోజూ మధ్యాహ్నానికే నూరూ నిండిపోతున్నాయి.

ఆఖరికి మా ఆవిడ ఫోను అడిగి తీసుకుని కంపెనీ వారితో మాట్లాడాను. "48 గంటలు ఓపిక పట్టండి సార్, అదే సర్దుకుంటుంది" అంది అవతల అమ్మాయి. ఆమె చెప్పినదానిలో అబద్ధం లేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అప్‌డేట్ అయిన ఫోను కొత్త ఇంట్లో దిగిన సంసారం లాంటిది. యాప్‌లన్నిటినీ కొత్త వ్యవస్థ కొలతలకు మళ్లీ కుట్టుకోవాలి. ఫోటోలకూ ఫైళ్లకూ మళ్లీ పట్టికలు రాసుకోవాలి. యాప్‌లు ఎవరి అప్‌డేట్‌లు వారు తెప్పించుకోవాలి. మనం ఏ యాప్‌ను ఎప్పుడు వాడతామో కనిపెట్టి మిగిలినవాటిని జోకొట్టే విద్య 2018 నుంచీ ఆండ్రాయిడ్‌కు ఉంది కానీ, యజమాని అలవాట్లు ఒంటబట్టడానికి దానికీ కొన్ని రోజులు కావాలి. ఇంత చాకిరీ జరుగుతుంటే చార్జ్ కరగదా అంటే, కరుగుతుంది, ఒప్పుకుంటాను. సామాను సర్దే రోజున ఇంటివారిని వీధిలో నిలబెట్టడం ఎక్కడి మర్యాద అన్నదే నా ప్రశ్న.

వీధిలో నిలబెట్టడమంటే మాటవరసకు అన్నది కాదు. మర్నాడు రైతు బజారులో అరకిలో దొండకాయలు సంచిలో వేయించుకుని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ ముందు ఫోను పెట్టాను. కోడ్‌ను ఒకసారి కళ్లారా చూసుకుని ఫోను శాశ్వతంగా కళ్లు మూసింది. దొండకాయలు తిరిగి బుట్టలోకి వెళ్లాయి. "అప్‌డేట్ చేశారా బాబూ?" అని అడిగింది ఆ అమ్మ, నాడి పట్టకుండానే. ఆమె ఫోనులోకి రెండేళ్లుగా ఆమె కొడుకు అప్‌డేట్ అనేదాన్ని రానివ్వలేదట. అదీ ప్రమాదమే. దొంగలు దూరే కన్నాలను పూడ్చేదీ ఆ అప్‌డేటే. మరీ పాతబడితే బ్యాంకు యాప్‌లు గుమ్మంలోకి రానివ్వవు. ఇవన్నీ ఆమెకు వివరిద్దామనుకున్నాను. కానీ ఆమె ఫోను వెలుగుతోంది, నాది వెలగడం లేదు. ఆ స్థితిలో ఉపన్యాసానికి బలం చాలదు.

ఇక ఆ 48 గంటలూ పాటించవలసిన పథ్యం. తెర వెలుతురు తగ్గించాలి. లొకేషన్, బ్లూటూత్ ఆపాలి. 5జీ మానేసి 4జీకి దిగాలి, ఎందుకంటే సిగ్నల్ సరిగా అందని చోట ఫోను టవర్ కోసం వెతికి వెతికి సొమ్మసిల్లుతుంది. ఎండ తగలనివ్వకూడదు. ఐఫోన్ వారి శాస్త్రంలోనైతే చుట్టూ 35 డిగ్రీలకు మించి వేడి ఉన్న చోట వాడరాదని ఉంది. ఆ లెక్కన మే నెలలో రెంటచింతల, రామగుండం ప్రజలు పోస్టుకార్డులు రాసుకోవాలి. నేను భక్తిగా అన్నీ పాటించాను. ఏమీ కనిపించని తెర, తానెక్కడుందో తనకే తెలియని మ్యాపు, ఎవరు పిలిచినా ఉలకని వాట్సాప్. అన్నీ మానేశాక మిగిలింది గడియారం ఒక్కటే. అది మాత్రం రాత్రి పది దాకా లక్షణంగా నడిచింది. "బాగుపడిందిగా!" అంది మా ఆవిడ.

ఇంతకూ నేరస్థుడెవరు? సెట్టింగులలో బ్యాటరీ అనే పేజీ ఉంటుంది, చార్జ్‌ను ఎవరెంత తిన్నారో అక్కడ రాసి ఉంటుంది. మొదటి ముద్దాయి, స్క్రీన్, 41 శాతం. అంటే నేను ఫోను వైపు చూడటమే ప్రధాన నేరం. రెండో ముద్దాయి వార్తల యాప్, మూడోది వాట్సాప్. జాబితా అట్టడుగున, ఏ పాపం ఎరుగనట్టు, 'సిస్టమ్' అని 3 శాతం. అప్‌డేట్ అన్న పేరు మచ్చుకైనా లేదు. దొంగల పేర్లు రాసే పని ఇంటిదొంగకే అప్పగిస్తే పట్టిక ఇంతకంటే శుభ్రంగా ఎలా ఉంటుంది?

పురుడు అనుకున్నది ఒక్కోసారి ఆపరేషన్ అని తేలడమూ ఉంది. బ్యాటరీ ముసలిదైన ఐఫోన్‌ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తామే తగ్గించామని యాపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఉన్నట్టుండి ఆరిపోకుండా కాపాడటానికే అన్నది వారి వాదన. కొన్నవారికి ఆ ముక్క చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికాలో నడిచిన దావా 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీకి వచ్చింది. నేనైతే యాపిల్ పక్షమే. ముసలివారిని మెట్ల దగ్గర పట్టుకుని నడిపించడం నేరమా? వారు నిద్రపోతుండగా కాళ్లకు తాడు కట్టడం మాత్రం కొంచెం అతి.

గూగుల్ ఇంకా నిజాయితీగా నడుచుకుంది. 2025 జనవరిలో పిక్సెల్ 4ఏ ఫోన్లకు వెళ్లిన అప్‌డేట్ చేసే పనే కొన్నిటి బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించడం, వేడెక్కే ముప్పును తప్పించడానికట. నష్టపోయినవారికి ఉచితంగా కొత్త బ్యాటరీ గాని, 50 డాలర్లు గాని, లేదంటే కొత్త పిక్సెల్ కొనుక్కోవడానికి 100 డాలర్ల తగ్గింపు గాని ఇస్తామన్నారు. కాలు తీసేసి, చేతికర్ర కావాలా, చిల్లర కావాలా, మా కొట్లోనే కొత్త కాలు కొంటారా అని అడిగే పెద్దమనుషులు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు? ఐరోపా సమాఖ్య వారికి ఈ మర్యాదలు అర్థం కాలేదు. 800 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీ 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని, 2025 జూన్ నుంచి అక్కడ కొత్తగా వచ్చే ఫోన్లకు షరతు పెట్టుకున్నారు.

48 గంటల గడువు తీరిన రాత్రి బ్యాటరీ పేజీని మళ్లీ తెరిచాను. ముద్దాయిలలో కొత్త పేరు, గ్యాలరీ. నేను గ్యాలరీ తెరిచి వారమైంది. లోపలికి వెళ్లి చూస్తే కాన్పు మర్మం బయటపడింది. కొత్త వెర్షన్‌కు ముఖాలు గుర్తుపట్టే విద్య వచ్చిందట. నా ఫోనులో ఉన్నవి 14 వేల బొమ్మలు. సగానికి పైగా చుట్టాల గ్రూపులు ప్రసాదించిన శుభోదయాలు, అంటే గులాబీలు, దీపాలు, సూక్తులు, శనివారానికొక వేంకటేశ్వరస్వామి. తల్లి ప్రాణం తోడేస్తూ రెండు రోజులుగా ఆ బిడ్డ వీటన్నిటినీ ముఖాల వారీగా కుప్పలు పోస్తోంది. మొదటి కుప్ప మీద ఇలా ఉంది: 'ఈ వ్యక్తి 612 ఫోటోలలో ఉన్నారు. పేరు చేర్చండి.' చూస్తే ఏడుకొండలవాడు. సగం కళ్లను నామం కప్పేసినా ముఖం పట్టేసింది. తెలివి పెరిగిన మాట నిజమే. రెండో కుప్ప, మా కూడలిలో ప్రతి ఫ్లెక్సీ మీదా చేతులు జోడించే ఒక నాయకుడు. మా ఆవిడ కుప్పలో 19 ఫోటోలే ఉన్నాయి. ఆమె చూడకముందే దానిని మూసేశాను.

ఆఖరున రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఒక ప్రశ్న వచ్చింది. ఎడమవైపు మా పెళ్లి ఆల్బమ్ నుంచి తీసుకున్నది, ఒత్తయిన జుట్టు, బాసికం కింద బెదురు చూపు. కుడివైపు, పోయిన నెల ఏదో దరఖాస్తు కోసం తీయించుకున్నది. 'ఈ ఇద్దరూ ఒకరేనా?' అని కింద మూడు బొత్తాలు: అవును, కాదు, చెప్పలేను.

చార్జ్ 3 శాతం ఉంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. 'చెప్పలేను' నొక్కాను.