మా ఇంటి అసలు హక్కుదార్లు

ఉద్దానంలో మా తాతగారి పెంకుటిల్లు ప్రస్తుతం వివాదంలో ఉంది. అన్నదమ్ముల మధ్య అనుకునేరు. ఆ ఘట్టం ఎప్పుడో ముగిసింది. వాటా అడిగిన ప్రతివాడూ ఒక్కరాత్రి అక్కడ పడుకుని, తెల్లారేసరికి వాచిన మొహంతో వాటా వదులుకుని, పలాస వెళ్లి విశాఖ రైలెక్కాడు. ఇప్పుడు బరిలో మిగిలినవి రెండే పక్షాలు. ఒకటి నేను, రెండోది పురుగులు.

పక్షపాతం లేకుండా చెప్పాలంటే వాటి వాదనే బలంగా ఉంది. నేను ఆ ఇంట్లో ఉండేది సంక్రాంతికి నాలుగు రోజులు, ఎండాకాలంలో అయిదు, శ్రావణంలో మూడు. మొత్తం 12. మిగతా 353 రోజులూ ఇంట్లో దీపం పెట్టకపోయినా కాపురం చేస్తున్నది ఎవరు? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను సగం పెంకులు ఎగరేసుకుపోయినప్పుడు నేను విశాఖలో టీవీ ముందు కూర్చుని నిట్టూరుస్తున్నాను. అవి మాత్రం ఇల్లు విడిచి పోలేదు.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఒక ఆస్తిని 12 ఏళ్లపాటు బహిరంగంగా, ఎడతెగకుండా, యజమానికి ఎదురు తిరిగి అనుభవించినవారిని ఆ తరువాత దావా వేసి కదిలించలేము. తాతగారు పోయి 14 ఏళ్లయింది. బొద్దింకల కేసు ‘బహిరంగంగా’ అన్నచోట వీగిపోవచ్చు, లైటు వేయగానే బీరువా కిందికి పోతాయి కాబట్టి. చీమలకు ఆ లోపం లేదు. ‘ఎదురు తిరిగి’ అన్న షరతును దోమలు ఎంత నిష్ఠగా పాటిస్తున్నాయో నా మోచేతులు చూస్తే తెలుస్తుంది.

ఇందులో నా నేరం కూడా కొంత ఉంది. ఇల్లు బాగుచేయించినప్పుడు మేస్త్రీతో, “ప్రకృతి ఒడిలో ఉన్నట్టుండాలి” అన్నాను. ప్రకృతి అంటే నా ఉద్దేశం క్యాలెండరులో కనిపించేది, కొబ్బరిచెట్లూ వాటి వెనుక సూర్యుడూ. ఆ ఒడిలో నాకంటే ముందు ఎవరెవరు కూర్చున్నారో అడగలేదు. వరండా చుట్టూ తెల్లదీపాల తోరణం వేయించాను. వాన వెలిసిన సాయంత్రం దాని కింద భోజనానికి కూర్చుంటే, పప్పులో పోపు ఏదో ఉసిళ్లు ఏవో తేల్చుకోలేక చేయి కడిగేసుకున్నాను. వాకిట్లో తామరల కోసం సిమెంటు తొట్టి కట్టించాను. తామరలు రాలేదు. దోమ గుడ్డు పెట్టిన దగ్గర నుంచి పిల్లకు రెక్కలొచ్చేదాకా వారం పది రోజుల నిలవనీరు చాలు. నేను ఏడాది పొడవునా ఏర్పాటు చేశాను. మలేరియా గుట్టును 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో పట్టుకున్నది ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులోనే. అది తెలిసి నూరేళ్లు దాటాక కూడా మురికినీళ్లు నిలవబెట్టి దానికి అలంకారమని పేరు పెట్టడం నాలాంటి చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది. పక్కింటివాళ్లు కుండను కూడా బోర్లించి పెడతారు.

చీమలతో మాత్రం నేను యుద్ధమే చేశాను. మొదట పసుపు గీత, తరువాత మందు సుద్దతో గీత. రామాయణం వినని చీమలు రెండింటినీ దాటాయి. అప్పుడు అమ్మ చేసే ఉపాయం గుర్తొచ్చి, మంచం కోళ్లు నాలుగింటినీ నీళ్ల గిన్నెల్లో దించాను. రెండు రాత్రులు జమీందారులా నిద్రపోయాను. మూడో పొద్దున వంగి చూస్తే, గిన్నె నీళ్లలో వెంట్రుక ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ తిరుగుతున్నాయి. దోమలకు పురుడు నా మంచం కిందే పోస్తున్నానన్నమాట. కిరసనాయిలు చుక్క వేశాను. ఆ వాసనకు మా ఆవిడ గది మారింది. చీమలు మారలేదు. దుప్పటి కొస ఒకటి నేలకు వేలాడుతోంది, దాని మీదుగా నిచ్చెన ఎక్కినట్టు వరసగా ఎక్కి వస్తున్నాయి.

స్విచ్ బోర్డు రంధ్రాల్లో కందిరీగ మట్టిగూడు కట్టిన సంగతి వదిలేద్దాం. కరెంటు ఎలాగూ ఉండదు.

వెనుక జీడిమామిడి మీద ఆకులు కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్రచీమలున్నాయి. మందు కొట్టే పంపు భుజాన వేసుకుని బయలుదేరేసరికి తోట చూసే పెద్దాయన అడ్డుపడ్డాడు. “అవి ఉంటేనే టీ దోమ తగ్గుతుంది బాబూ. జీతం అడగని కాపలా” అన్నాడు. టీ దోమ నిజానికి దోమ కాదు, జీడి చిగుళ్ల రసం పీల్చే నల్లి జాతి పురుగు. ఈ చీమలు దాన్ని వేటాడతాయి. అంటే నేను నా తోట కావలివాళ్లకే తొలగింపు నోటీసు పట్టుకుని తిరుగుతున్నాను. జీతం అడిగే కావలివాడు తన పోటీదారుల గురించి అంత న్యాయంగా మాట్లాడడం ముచ్చటేసింది.

ఇవన్నీ చిల్లర తగాదాలు. అసలు వ్యాజ్యం చెదలది. గోడ బీరువాలో తాతగారి దస్తావేజులున్నాయి. ఈ శ్రావణంలో తలుపు తీస్తే కట్ట చక్కగానే కనిపించింది. ఎర్రదారం, దాని ముడి, స్టాంపు కాగితం మీద మూడు సింహాలు, అన్నీ ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే బరువు లేదు. వేలు ఆనించగానే సింహాలు లోపలికి కుంగిపోయాయి. లోపలంతా సన్నటి మట్టి. సరిహద్దుల పేజీలో ‘తూర్పు’ అన్న ఒక్క మాట మిగిలింది. తూర్పున ఏముందో చెదలకే తెలియాలి. అవతలి పక్షం సాక్ష్యాన్ని మింగేయడం విన్నాను గాని, అక్షరాలతో సహా మింగేయడం ఇదే చూడడం.

మట్టి బాట గోడ వెంబడి దిగి, కిటికీ కింద నుంచి పెరట్లో పుట్టదాకా పోయింది. ఈ పుట్టలు పెట్టే చెదలకు కాగితం, కర్ర నేరుగా అరగవట. ఒకసారి కడుపులోంచి పోనిచ్చి, దానితో స్పంజిలాంటి మడులు కట్టి, వాటి మీద బూజు పెంచి, ఆ పంట తింటాయి. వానలు పడ్డాక ఆ బూజే నేలను తన్నుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అని పేరు పెట్టినవాళ్లకు ఈ చుట్టరికం తెలుసు. ఇంజనీరింగు చదివిన నాకు తెలియదు.

ఆ సాయంత్రం పక్కింటి పెద్దమ్మ గిన్నె మీద మూత పెట్టుకుని వచ్చింది. “మీ పెరట్లో పుట్ట మీదవే నాయనా. పొద్దున్నే కోశాను. నువ్వు లేస్తావేమోనని చూశాను, లేవలేదు” అంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాల పొడి వేసి దించిన కూర. మా ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది, నేను మూడుసార్లు. తూర్పు సరిహద్దు ఎక్కడో ఇప్పటికీ తేలలేదు గాని, ఉప్పు మాత్రం సరిపోయింది.