స్లాష్ బూట్ గారికి, గది ఖాళీ చేయించవలసిందిగా

మహారాజశ్రీ స్లాష్ బూట్ పార్టిషన్ గారి సముఖమునకు,

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరి ఒకానొక లాడ్జిలో కంప్యూటర్లు చూసుకునేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ మొన్న రాత్రి పదకొండున్నర నుంచి తెల్లారి ఆరు దాకా మేమెవరమూ క్షేమంగా లేము. అందుకు కారణం తమరే.

డిస్కు మొత్తం 500 జీబీ. అందులో కంప్యూటర్ లేవడానికి కావలసిన ఫైళ్లు దిగే తమరి వాటా 500 ఎంబీ. ఇన్‌స్టాల్ చేసిన రోజు "బూట్‌కు ఇంతకన్నా దేనికిలే" అని ఆ ఇరుకు గది రాసిచ్చింది నేనే, ఒప్పుకుంటాను. అయినా గది చిన్నదైతే మనుషులు సర్దుకోరా? సీజన్లో మా లాడ్జికొచ్చి చూడండి. ఇద్దరి గదిలో ఎనిమిదిమంది పెద్దలు, ముగ్గురు గుండు పిల్లలు, ఒక ప్రెషర్ కుక్కర్. దర్శనం అవగానే తాళం చేతికిచ్చి పోతారు. తమరి గదిలో దిగిన పాత కెర్నళ్లు, అంటే సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రాములు, మాత్రం కదలవు. కెర్నల్‌ది ఏముంది, పదిహేను ఎంబీ మనిషి. దాని వెంట వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మూటే వంద ఎంబీ. అట్లాంటివాళ్లు నలుగురు దిగాక తలుపు ఎక్కడ మూసుకుంటుంది?

పాతవాళ్లను సాగనంపడానికి ఆటోరిమూవ్ అనే వాచ్‌మన్ ఉన్నాడు. పిలిస్తే వస్తాడు. నేను పిలవలేదు. అదీ ఒప్పుకుంటాను. (తిట్టడానికి రాసిన ఉత్తరంలో నేనే అన్నీ ఒప్పుకుంటున్నాను, గమనించగలరు.)

ఆ రాత్రి ఉబుంటు (మా కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ పెట్టి టీ తాగుతూ కూర్చున్నాను. తెరమీద అక్షరాలు పరుగెడుతున్నాయి. వాటి మధ్యలో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఒక్క ముక్క. క్యూలో గోవింద నామాలు మార్మోగుతుంటే వెనకెవరో మన పేరు పిలిచినట్టే, ఎక్కడ వినపడుతుంది! రీబూట్ కొట్టాను.

"కెర్నల్ పానిక్" అని పడింది, అంటే కెర్నల్ చేతులెత్తేసింది. ఆ పక్కనే, అసలు ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోతున్నాను (తెరవలేకపోతున్నాను), "అన్‌నోన్ బ్లాక్ 0,0" అని మొర. కొత్త కెర్నల్ గది దాకా వచ్చింది, చోటు లేక మూట వీధిలోనే ఆగిపోయింది. ఎల్‌వీఎం అనే పద్ధతిలో విభజించిన డిస్కు తెరిచే సరంజామా మొత్తం ఆ మూటలోనే కదా. ఏ కెర్నల్‌ను లేపాలో చూసే గ్రబ్ అనే రిసెప్షనిస్టు మూట ఉందా లేదా అని కూడా చూడకుండా కొత్తాయన పేరే మొదటి వరసలో ఎక్కించింది. ఇంక ఆయన చీకట్లో నిలబడి సున్నా సున్నా నంబరు గది వెతుకుతున్నాడు.

తర్వాత నాలుగు గంటలు ఏం చేశానో రాయను. ర్యామ్ ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో తుడిచానని మాత్రం చెప్పగలను.

నాలుగున్నరకు మా రిజిస్టరు పెద్దాయన కౌంటర్లోకి వచ్చి, పొడుగు పుస్తకం తీసి, గీతలు కొట్టుకుంటూ అడిగాడు. "ఏం నాయనా, నీ మిషను ఇంకా లేయలేదా? నాది చూడు, అట్ట తెరిస్తే చాలు లేస్తాది." వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళవుతా ఉంది. విష్ణునివాసంలో గది దొరకనివాళ్లంతా నేరుగా మా కౌంటర్ మీదే పడతారు.

అప్పుడు గుర్తొచ్చింది షిఫ్ట్ కీ. నొక్కిపట్టి ఆన్ చేస్తే గ్రబ్ మెనూ వచ్చింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి పాత కెర్నల్‌ను ఎంచుకున్నాను. లేచింది! ఇందాకటి నుంచి నేను తిడుతున్నానే, ఆ ఖాళీ చేయని పాత అద్దెదారే. ఆయనకు ఈ ఉత్తరం చూపించకండి.

చోటు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండు కొట్టి చూస్తే తమరు 100 శాతం. పాత కెర్నల్ తీసెయ్యమంటే, ప్రోగ్రాములు ఎక్కించి దించే ఆప్ట్ వినదు, ముందు సగంలో ఆగిన ఇన్‌స్టాల్ పూర్తి చెయ్యమంటుంది. అది పూర్తి చేద్దామంటే చోటు లేదంటుంది. గది ఖాళీ చేయించాలంటే ముందు గదిలో ఖాళీ చూపించాలంట! ఇట్లాంటి రూలు మా ఓనరుకు కూడా తట్టలేదు. చివరికి అన్నిటికన్నా పాత మూటను నా చేతులతో ఎత్తి రూట్ ఫోల్డర్లో పెట్టాను. అప్పుడు కొత్తదానికి మూట కట్టుకునే చోటు దొరికింది. తర్వాత ఇద్దరు పాత కెర్నళ్లను పర్జ్ చేసి (పూర్తిగా తీసేసి), గ్రబ్ జాబితా మళ్లీ రాసే అప్‌డేట్-గ్రబ్ నడిపి, కళ్లు మూసుకుని రీబూట్ కొట్టాను. అప్పటికి ఆరు.

గది పెంచమని తమరు అడగొచ్చు. పక్కగది గోడ ఆనుకుని ఎల్‌వీఎం ఉంది, కదపాలంటే ముందు బ్యాకప్ తీసి పెద్ద పనే పెట్టుకోవాలి.

ఇది రాస్తుండగా లాగిన్ అయితే "సిస్టమ్ రీస్టార్ట్ రిక్వైర్డ్" అని మళ్లీ పలకరింపు. వైకుంఠ ఏకాదశి రద్దీ తగ్గాక చూద్దాం.

ఇట్లు,
తమరికి గది ఇచ్చినవాడు