పతకం సరే, పొలం మాటేమిటి?

1944 ఫిబ్రవరి. రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఇటలీలో లిటోరియా దగ్గర, జర్మన్ సేనకు 200 మీటర్ల దూరంలోని పాడుబడ్డ ఇంట్లో ఒక సార్జెంట్ దాక్కుని, శత్రువు కదలికలను తనవాళ్లకు టెలిఫోన్‌లో చెబుతున్నాడు. గుండ్లు పడి తీగ తెగింది. ఆయన రైతు బట్టలు తొడుక్కుని, పార పట్టుకుని పట్టపగలే పొలంలోకి దిగాడు. కలుపు తీస్తున్నట్టు నటిస్తూ, బూటు లేసు కట్టుకునే నెపంతో వంగి తీగ అతికించాడు. లేచి జర్మన్ల వైపు ఒకసారి, తనవాళ్ల వైపు ఒకసారి పిడికిలి ఊపాడు. పంట పాడైన రైతుకు ఎవరి ఫిరంగైతేనేం!

ఆయనే టామీ ప్రిన్స్. కెనడాలోని మానిటోబాలో, బ్రోకెన్‌హెడ్ ఓజిబ్వే ఆదివాసీ. సైన్యంలో చేరబోతే మొదట వద్దు పొమ్మన్నారు, 1940లో తీసుకున్నారు. చివరికి బ్రిటన్ రాజు ఆరో జార్జి ఆయన్ను బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు పిలిచి మిలిటరీ మెడల్ ఇచ్చాడు. అమెరికా సిల్వర్ స్టార్ అదనం. తర్వాత కొరియా యుద్ధానికీ వెళ్లాడు, మోకాళ్లు పాడుచేసుకుని వచ్చాడు.

ఏటా నవంబర్ 8న కెనడా ఆదివాసీ మాజీ సైనికులను తలుచుకుంటుంది. మంచిదే. కానీ దండలు వేసేటప్పుడు భూమి లెక్క కూడా విప్పాలని మేము అంటాం. యుద్ధం నుంచి వచ్చిన సైనికుడికి పొలం కొనుక్కోవడానికి 6,000 డాలర్ల దాకా అప్పిచ్చే చట్టం అక్కడ ఉండేది. రిజర్వు భూముల్లో, అంటే ఆదివాసీల కోసం ప్రభుత్వం కేటాయించిన నేలలో, ఉండే ఆదివాసీకి మాత్రం 2,320 డాలర్లకు మించని గ్రాంటుతో సరి. ఆ నేల హక్కు ప్రభుత్వానిది, తాకట్టుకు పనికిరాదన్నది సాకు. ఆ గ్రాంటు డబ్బు పెత్తనం కూడా అధికారులదే. ట్యాంకుల ఎదుట నిలబడ్డ మనిషిని సొంత ఊళ్లో మైనర్ పిల్లాడిలా చూశారన్నమాట. ప్రభుత్వంతో పూర్వం చేసుకున్న ఒప్పందాల హక్కులు వదులుకోకుండా ఓటేసే వీలు ఆ జనమందరికీ దక్కింది 1960లోనే.

ప్రిన్స్ ఊరుకోలేదు. యుద్ధం ముగిశాక తన జనం తరఫున పార్లమెంటరీ కమిటీ ముందు కూర్చుని కెనడా ఆదివాసీలపై పెత్తనం చేసే ‘ఇండియన్ యాక్ట్’ అనే చట్టం గురించి వాదించాడు. గెలవలేకపోయాడు. ముసలితనంలో విన్నిపెగ్ నగరంలోని ధర్మసత్రంలో ఒంటరిగా గడిపి, పతకాలు అమ్ముకుని, 1977లో కన్నుమూశాడు.

2001లో బంధువులు చందాలెత్తి ఆ పతకాలను వేలంలో 75,000 డాలర్లకు తిరిగి కొన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పాత అన్యాయానికి పరిహారం ప్రకటించింది: బతికున్న ఒక్కో ఆదివాసీ సైనికుడికి, లేదా పోయినవారి జీవిత భాగస్వామికి, ఎక్కువలో ఎక్కువ 20,000 డాలర్లు.