ఇండోర్ 1500 మీటర్లు: వేగం కన్నా స్థానానిదే పైచేయి

2022 మార్చిలో బెల్‌గ్రేడ్‌లో జరిగిన ప్రపంచ ఇండోర్ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో నార్వే అథ్లెట్ యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 1500 మీటర్ల ఫైనల్‌ను 3 నిమిషాల 33.02 సెకన్లలో పూర్తి చేసి రజతంతో సరిపెట్టుకున్నాడు. మూడేళ్ల తర్వాత చైనాలోని నాన్‌జింగ్‌లో అదే పరుగును 3 నిమిషాల 38.79 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచాడు. ఓడిన రోజు కన్నా దాదాపు ఆరు సెకన్లు నెమ్మదిగా పరుగెత్తిన రోజే అతడు జగజ్జేత అయ్యాడు. శక్తి తగ్గిందనుకోవడానికీ లేదు. నాన్‌జింగ్‌కు సుమారు నెల ముందు ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో మైలు పరుగులో ఇండోర్ ప్రపంచ రికార్డు నెలకొల్పుతూ, మధ్యలో 1500 మీటర్ల గీతను 3 నిమిషాల 29.63 సెకన్లకే దాటి ఆ రికార్డునూ తిరగరాశాడు.

ఇలాంటి అంకెలు చూసినప్పుడల్లా ఛాంపియన్‌షిప్ పరుగులు చప్పబడిపోతున్నాయనీ, లియెవాన్‌లో మాదిరిగా ఇక్కడ కూడా పేస్‌మేకర్లను (కొంత దూరం ముందుండి వేగాన్ని నడిపించి తప్పుకునే రన్నర్లను) దించాలనీ కొందరు వాదిస్తుంటారు. ఆ వాదనతో నేను ఏకీభవించలేను. రికార్డు కోసం ఏర్పాటు చేసిన పరుగూ, పతకం కోసం జరిగే పరుగూ వేర్వేరు పరీక్షలు. ఇండోర్ ట్రాక్ నిర్మాణమే ఆ తేడాను ఇంకా పెంచుతుంది.

ఇండోర్ ట్రాక్ చుట్టుకొలత 200 మీటర్లు. ఆరుబయట 1500 మీటర్ల పరుగులో ఏడు మలుపులు వస్తే, ఇక్కడ పదిహేను వస్తాయి. ప్రతి మలుపునూ ఒక లేన్ వెడల్పు బయటికి జరిగి తిరిగితే సుమారు మూడు మీటర్లు అదనంగా పరుగెత్తాలి. ఆ లెక్కన పరుగంతా రెండో లేన్‌లోనే సాగించినవాడు నలభై మీటర్లకు పైగా నష్టపోతాడు. ఆరుబయటి ట్రాక్‌పై అదే పొరపాటుకు మూల్యం ఇరవై ఏడు మీటర్లు దాటదు. నిజానికి ఎవరూ మొదటి నుంచి చివరి దాకా పూర్తి లేన్ దూరంలో ఉండిపోరు, ముందున్నవాడి భుజం పక్కనే సాగుతారు కాబట్టి అసలు నష్టం ఇంతకన్నా తక్కువే. అయినా తొమ్మిదో పదో మీటర్ల నష్టం కూడా సెకనులో మూడో వంతుతో తేలిపోయే ఫైనల్లో పతకాన్ని దూరం చేయగలదు. పోనీ లోపలి గీతనే పట్టుకుని ఉందామంటే, పక్కనా ముందూ మనుషులు కమ్ముకుని, కదలవలసిన క్షణంలో కదలనివ్వరు. ముందుకు దూసుకుపోవడానికి నేరుదారి ఉపయోగపడుతుందా అంటే అదీ ఆరుబయటి ట్రాక్‌పై ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ పొడవే ఉంటుంది. అందుకే ఇండోర్‌లో ఎంత వేగం దాచుకున్నాడన్నదానికన్నా దాన్ని ఏ చోటు నుంచి బయటికి తీస్తాడన్నదే ఎక్కువ ముఖ్యం.

బెల్‌గ్రేడ్ ఫైనల్‌ను ఈ దృష్టితో చూస్తే ఫలితం వింతగా తోచదు. ఇంగెబ్రిగ్ట్‌సెన్ ముందుండి వేగాన్ని నడిపించాడు, ఇథియోపియాకు చెందిన సామ్యూల్ టెఫెరా అతడి వెనకే సాగి చివర్లో దాటేసి 3 నిమిషాల 32.77 సెకన్లతో ఛాంపియన్‌షిప్ రికార్డు సాధించాడు. (మరునాడు ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కు కోవిడ్ ఉన్నట్లు తేలింది కనుక ఓటమికి వ్యూహాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపడం న్యాయం కాదు.) ఇదే టెఫెరా 2018లో బర్మింగ్‌హామ్‌లో, పద్దెనిమిదేళ్ల వయసులో, 3 నిమిషాల 58.19 సెకన్లకు స్వర్ణం గెలిచాడు. రెండు విజయాల మధ్య పాతిక సెకన్ల తేడా ఉంది, కానీ ఏ పరుగులో ఏం చేయాలో గ్రహించిన తెలివిలో తేడా లేదు.

2024 గ్లాస్గో పోటీలు ఇంకా ఆసక్తికరం. అంతకు ముందు ఏడాది బుడాపెస్ట్‌లో ఆరుబయట 1500 మీటర్ల ప్రపంచ విజేతగా నిలిచిన స్కాట్లండ్ అథ్లెట్ జోష్ కెర్, సొంతగడ్డపై 3000 మీటర్లను ఎంచుకుని గెలిచాడు. 1500 మీటర్లలో మాత్రం ఎక్కువ దూరాల పరుగులకు అలవాటుపడిన న్యూజిలాండ్ ఆటగాడు జార్డీ బీమిష్, బాగా వెనుక నుంచి వచ్చి అమెరికన్లు కోల్ హాకర్, హాబ్స్ కెస్లర్‌లను అధిగమించాడు. నా లెక్కకు ఇదో మినహాయింపు. వెనకబడినవాడు బయటి నుంచి చుట్టి రావడం ఇండోర్‌లో పదిసార్లలో తొమ్మిదిసార్లు బెడిసికొడుతుంది. ముందున్నవారు ఒకరినొకరు అడ్డుకుంటూ ఆఖరి ల్యాప్‌లో అలసిపోతే మాత్రం ఆ బయటి దారే ఖాళీగా దొరుకుతుంది. అదే బీమిష్ 2025లో టోక్యోలో స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటి గుంటలు దాటే పరుగు) ప్రపంచ విజేత కావడం చూశాక గ్లాస్గో గెలుపును అదృష్టమని కొట్టిపారేయలేం.

800 మీటర్ల కథ వేరు. నాలుగే ల్యాపులు కావడంతో ఎదురుచూసి కూర్చునే వ్యవధి ఎవరికీ ఉండదు, ముందు స్థానం కోసం తొలి ల్యాప్ నుంచే పోరు మొదలవుతుంది. 1989లో బుడాపెస్ట్‌లో కెన్యాకు చెందిన పాల్ ఎరెంగ్, 1997లో పారిస్‌లో డెన్మార్క్ తరఫున విల్సన్ కిప్‌కెటర్ ఇండోర్ ప్రపంచ రికార్డులు నెలకొల్పింది పేస్‌మేకర్లు లేని ఈ ఛాంపియన్‌షిప్స్‌లోనే. కిప్‌కెటర్ అయితే పారిస్‌లో హీట్స్ (తొలి దశ పరుగులు)లో ఒకసారి, ఫైనల్లో 1 నిమిషం 42.67 సెకన్లతో మరోసారి రికార్డు బద్దలుకొట్టాడు. రికార్డులు పేస్‌మేకర్లు లేకుండా రావన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు.

1500 మీటర్లలోనూ వేగం అసాధ్యమేమీ కాదు. 1999లో జపాన్‌లోని మాయెబాషిలో ఇథియోపియా అథ్లెట్ హైలీ గెబ్రెసెలాసీ 3 నిమిషాల 33.77 సెకన్లతో గెలిచి, 3000 మీటర్ల స్వర్ణం కూడా పట్టుకుపోయాడు. ఆ ఛాంపియన్‌షిప్ రికార్డును చెరపడానికి 2022లో టెఫెరా రావలసి వచ్చింది. ఆ జంట స్వర్ణాలను మళ్లీ సాధించింది నాన్‌జింగ్‌లో ఇంగెబ్రిగ్ట్‌సెనే. ముందుండి వేగం పెంచడం తనకు లాభమని నమ్మినవాడు పరుగును వేగంగా నడుపుతాడు, నమ్మనివాడు ఆగి చూస్తాడు. పేస్‌మేకర్‌ను దించితే ఆ నిర్ణయం అథ్లెట్ చేతిలోంచి నిర్వాహకుల చేతికి పోతుంది. మార్పు కావాలనుకుంటే ఫైనల్లో నిలిచేవారి సంఖ్యను కాస్త తగ్గించి, ఇరుకైన మలుపుల్లో తోపులాటలకు, పడిపోవడాలకు అవకాశం తగ్గించడం గురించి ఆలోచించవచ్చు.