సబ్బు పోస్తే నూనె మాయం కాదు

బెంగళూరు పీణ్యాలో మిషన్ షాపులు నడుపుతున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఆయిల్ కలిసిన నీళ్ల డ్రమ్ములో డిష్‌వాష్ లిక్విడ్ పోసి కలపండి, నూనె కరిగిపోతుంది. ఇక డ్రైనేజీలోకి వదిలేయొచ్చు. పెద్ద ప్లాంట్లలో వాడేదీ ఇలాంటి మందే. పైగా బయోడిగ్రేడబుల్." దయచేసి ఇది ఎవరికీ పంపకండి.

నూనె కరగదు. పైన తేలే తెట్టు కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లలోనే ఉండిపోతుంది. మీ మిషన్‌లో వేడి తగ్గించడానికి తిరిగే కూలెంట్ పాలలా ఎందుకుంటుంది? నూనె విడిపోకుండా అందులో ఎమల్సిఫయర్ అనే, నూనెను నీళ్లలో కలిపి ఉంచే మందు కలుపుతారు కాబట్టి. డ్రమ్ములో సబ్బు చేసేదీ అదే. బొట్టు సైజు పదో వంతుకు తగ్గితే పైకి తేలే వేగం నూరో వంతుకు పడిపోతుంది. గంటలో తేలాల్సిన నూనెకు నాలుగు రోజులు పడుతుందన్నమాట. పైన తేలే నూనెను లాగేసే స్కిమ్మర్‌తో తీసేయగలిగినదాన్ని చేతులారా పాడుచేసుకుంటున్నాం.

డ్రైనేజీలోకి వదలొచ్చా? 200 లీటర్ల నీళ్లలో రెండు లీటర్ల నూనె ఉంటే లీటరుకు దాదాపు 9,000 మిల్లీగ్రాములు. మురుగు కాలువకు కేంద్రం పెట్టిన పరిమితి 20. ల్యాబ్‌లో శాంపిల్‌కు యాసిడ్ కలిపి, హెక్సేన్ అనే ద్రావకంతో నూనెను లాగి తూస్తారు కాబట్టి సబ్బు దాచిన నూనె కూడా లెక్కలోకి వస్తుంది. ల్యాబ్ సంగతి అలా ఉంచండి. ఇక్కడి మురుగు చేరేది వృషభావతి నదికి, అక్కడి నుంచి బైరమంగల చెరువుకు. ఆ నీళ్లతో పొలాలు తడుపుకునే రైతులున్నారు. నా బాధ వాళ్ల గురించే.

ప్లాంట్ల మాట సగం నిజం. క్రూడ్ ట్యాంకుల అడుగున పేరుకునే మడ్డిని, నూనె ఇంకిన మట్టిని సర్ఫాక్టెంట్లతో, అంటే సబ్బు జాతి మందులతో కడుగుతారు. కడిగాక నూనెను విడదీసి పట్టుకుంటారు, కాలువలో పోయరు. పాలలా మారిన నీళ్లకైతే కావాల్సింది విరిచే మందు. నిమ్మరసం పడ్డ పాలలా యాసిడ్‌తోనో, పటికతోనో, డీమల్సిఫయర్‌తోనో విరుస్తారు. డీమల్సిఫయర్లలో చాలావరకు సర్ఫాక్టెంట్లే, కానీ వాటి పని గిన్నెలు తోమే సబ్బుకు సరిగ్గా ఎదురు. ఏ మందు ఎంత పోయాలో కూడా జార్ టెస్ట్ చేశాకే, అంటే కొద్ది కొద్ది నీళ్లలో వేర్వేరు మోతాదులు వేసి చూశాకే తేలుతుంది.

బయోడిగ్రేడబుల్ అంటే బ్యాక్టీరియా తినగలదని. అది తినేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. సబ్బుల మురుగు చేరితే ఏమవుతుందో బెళ్లందూరు చెరువు నురగ రోడ్డెక్కినప్పుడు ఊరంతా చూసింది.

ఇప్పటికే సబ్బు కలిపేసి ఉంటే ఆ డ్రమ్మును వేరే నూనె డ్రమ్ముల్లో కలపకండి. మూత పెట్టి, సబ్బు కలిసిందని మార్కర్‌తో రాయండి. అనుమతి ఉన్న ట్రీట్‌మెంట్ వాళ్లకు ఇచ్చేటప్పుడు ఏ సబ్బు, ఎంత పోశారో దాచకుండా చెప్పండి. విరిచే మందు మోతాదు దాన్ని బట్టే మారుతుంది.