ఎర్ర తురాయి అద్దెకు తెచ్చుకునే అలంకారం కాదు

నిన్న రాత్రి ఎడిన్‌బరోలో మనవాళ్ళూ స్థానికులూ కలిసి స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ జ్ఞాపకంగా జరుపుకున్న బర్న్స్ విందులో చూసిన వేషం ఇంకా నా కళ్ళ ముందు నుంచి పోలేదు, కోపం అసలే తగ్గలేదు. మన తెలుగు సోదరుడే, పేరు చెప్పను, యాభై కూడా నిండని మనిషి, స్కాటిష్ రెజిమెంటు అధికారి ధరించే మెస్ డ్రెస్‌లో వేంచేశారు. నడుము దాకా వచ్చే ఎర్రటి పొట్టి కోటు, భుజాల మీద కిరీటమూ నక్షత్రమూ, టోపీకి ఎర్ర తురాయి, ఎడమ రొమ్మున గలగలలాడే పూర్తి పరిమాణపు పతకాలు. కిరీటమూ ఒక నక్షత్రమూ కలిస్తే లెఫ్టినెంట్ కల్నల్, అంటే సాధారణంగా ఒక బెటాలియన్‌ను నడిపే కమాండింగ్ ఆఫీసరు హోదా. మా సోదరుడు ఇంతవరకు కమాండ్ చేసింది ఒక్క వాట్సాప్ గ్రూపును. అందులోనూ సగంమంది మ్యూట్‌లో పెట్టుకున్నారు.

ఆన్‌లైన్ వేలంలో చవగ్గా దొరికిందని ఆయనే గర్వంగా చెప్పుకున్నారు. కొనుక్కున్నారు సరే, కనీసం వేసుకునే పద్ధతి అయినా తెలుసుకోవాలి కదా! రాత్రి విందుకు వేసుకునే మెస్ డ్రెస్ మీద మినియేచర్లనే చిన్న పతకాలే ఉంటాయి. పెద్దవి పగటి పరేడ్‌కు. మెస్‌లో భోజనానికి కూర్చున్నప్పుడు అధికారి తలమీద టోపీ ఉండదు. ఈయన మాత్రం సూపు నుంచి హ్యాగిస్ అనే మాంసం వంటకం దాకా, హ్యాగిస్ నుంచి పోర్టు వైను దాకా ఆ టోపీ తీయలేదు, వంగినప్పుడల్లా తురాయి పక్కావిడ చెంపకు తగులుతూనే ఉంది. పోర్టు సీసా ఎడమ చేతి వైపుకే సాగాలన్న నియమం సరేసరి, ఈయన దాన్ని బల్లకు అడ్డంగా ఎదుటివాళ్ళకు అందించారు.

పక్క వరుసలోనే కూర్చున్నాను కనుక పతకాలు దగ్గరగా చూశాను. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం పట్టీల రిబ్బనుకు వేలాడుతున్న ఆరు మొనల నక్షత్రం ఒకటి ఉంది. అది 1939–45 స్టార్. రెండో ప్రపంచ యుద్ధంలో రణరంగంలో పనిచేసినవాళ్ళకు ఇచ్చిన నక్షత్రం. అది స్వయంగా సంపాదించినవారెవరైనా ఇవాళ బతికి ఉంటే నూరేళ్ళకు దగ్గరగానో ఆ పైనో ఉంటారు. సోదరుడి జుట్టుకు రంగు బాగానే కుదిరిందని అనుకోవాలి. తాతగారిదో తండ్రిగారిదో పతకాన్ని స్మృతిచిహ్నంగా పెట్టుకునేవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు, దాన్నెవరూ తప్పు పట్టరు, కానీ వాళ్ళు కుడి రొమ్మున పెట్టుకుంటారు. ఎడమ వైపు సంపాదించుకున్నవాడిది. ఈ ఒక్క చిన్న ఆనవాయితీలో ఎంత మర్యాద ఉందో అర్థం చేసుకోవడానికి సైన్యంలో చేరనక్కర్లేదు.

ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది బ్యాగ్‌పైప్ వాయించడానికి వచ్చిన పెద్దాయన విషయం. ఆయన రిటైరైన సైనికుడు, తలమీద బిళ్ల లేని నల్లటి గ్లెన్‌గ్యారీ టోపీ మాత్రమే పెట్టుకుని వచ్చారు. వాయించడం అయిపోయాక బల్లల మధ్య నుంచి వెళ్తూ, మా సోదరుడి భుజం మీది కిరీటాన్ని, తురాయిని చూసి ఠక్కున నిటారుగా నిలబడి, "ఏ కాలంలో పనిచేశారు సర్?" అని అడిగారు. మా సోదరుడు పగలబడి నవ్వి, "నేనా? ఆన్‌లైన్ బెటాలియన్!" అన్నారు. బల్లంతా నవ్వింది. పెద్దాయన కూడా మర్యాదకు కొద్దిగా నవ్వి, పైపులు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆయన నిలబడింది ఆ కోటుకు కాదు, ఆ తురాయి పెట్టుకుని పోయినవాళ్ళకు అన్న సంగతి ఆ బల్ల దగ్గర ఎంతమందికి తట్టిందో నాకు తెలియదు.

ఎర్ర తురాయి బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ రెజిమెంటు వాళ్ళది. 1795 జనవరిలో నెదర్లాండ్స్‌లోని గెల్డర్‌మాల్సెన్ దగ్గర చూపిన తెగువకు గుర్తుగా అది తమకు దక్కిందని వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. స్కాట్లాండ్ కొండసీమ అయిన హైలాండ్‌లోని మిగతా రెజిమెంట్లు కూడా ఎర్ర ఈకలు పెట్టుకోవడం మొదలుపెట్టేసరికి, అది 42వ రెజిమెంటుకు, అంటే తమకు మాత్రమే చెందుతుందని 1822లో ఉత్తర్వు తెప్పించుకున్నారు. తోటి సైనికులనే పెట్టుకోనివ్వని తురాయి అది! 2006 మార్చి 28న పాత స్కాటిష్ కాల్బల రెజిమెంట్లను కలిపి రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ అనే ఒకే రెజిమెంటుగా చేసినప్పుడు, పాత టోపీ బిళ్లలు పోతున్నాయని ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు మండిపడ్డాయి. అందరికీ ఒకే బిళ్ల వచ్చింది. బెటాలియన్‌కొక రంగు తురాయి మాత్రం మిగిలింది. బ్లాక్ వాచ్‌కు ఎరుపు, ఫ్యూజిలియర్లకు తెలుపు, హైలాండర్లకు నీలం, ఆర్గైల్ వాళ్ళకు ఆకుపచ్చ. అన్నీ పోగా మిగిలిన ఆ ఒక్క ఈకను పట్టుకుని పోట్లాడుకున్నవాళ్ళ ఊరిలో కూర్చుని, దాన్ని హోలీ రంగులాగా నెత్తిన చల్లుకుంటే ఎలా?

కిల్ట్ అనే ఇక్కడి గళ్ళ పావడా కట్టుకోవద్దని నేను అనడం లేదు, కామెంట్లలో ఆ మాట నా నోట్లో పెట్టకండి. 1746 చట్టంతో హైలాండ్ దుస్తులను నిషేధించినప్పుడు వాటిని చట్టబద్ధంగా ధరించగలిగింది సైనికులే. 1782లో ఆ నిషేధం ఎత్తేశాక అది అందరి దుస్తు అయింది. స్పోరన్ అనే నడుము సంచి, ఉన్ని మేజోళ్ళు, నల్లకోటు అద్దెకు తెచ్చుకుని ఎవరైనా దర్జాగా విందుకు రావచ్చు, నేనూ అలాగే వెళ్ళాను. బట్ట వేరు, బట్ట మీది గుర్తు వేరు. అధికారం లేకుండా సైనిక యూనిఫాం వేసుకోవడం ఈ దేశంలో 1894 చట్టం ప్రకారం నేరం. మన భారత శిక్షాస్మృతిలో కూడా సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో ఆ వేషం వేసేవాళ్ళ కోసం 140వ సెక్షన్ ఉండేది. చట్టం సంగతి అటుంచండి, సిగ్గు అనేదానికి సెక్షన్ అక్కర్లేదు కదా!

ఇదంతా ఇంటికి వచ్చే దారిలో ఒక మిత్రుడితో అంటే, "తెల్లవాళ్ళ బట్టల గురించి నీకెందుకయ్యా అంత బాధ?" అన్నాడు. ఎందుకో చెబుతాను. 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో ఉన్న అస్సాయే దగ్గర, 74వ, 78వ హైలాండ్ రెజిమెంట్లతో భుజం కలిపి ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యపు పటాలాలు పోరాడాయి. 74వ రెజిమెంటులో ఒక్క క్వార్టర్‌మాస్టర్ తప్ప ఆ రోజు పోరులో ఉన్న అధికారులందరూ చనిపోయారు లేదా గాయపడ్డారు. ఆ యుద్ధానికి గుర్తుగా వచ్చిన ఏనుగు తర్వాత గ్లాస్గోవాళ్ళ హైలాండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ టోపీ బిళ్ల మీదికి చేరింది. అదే అస్సాయే ఏనుగు మన మద్రాస్ రెజిమెంటు చిహ్నంలో ఇప్పటికీ ఉంది, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ పొందే మన తెలుగు కుర్రాళ్ళు దాన్ని ధరిస్తున్నారు. ఆనాడు వాళ్ళు ఎవరి పక్షాన, ఎవరి మీద పోరాడారన్నది వేరే చర్చ, దానికి నేను ఎప్పుడైనా సిద్ధమే. కానీ ఆ గుర్తులు పూర్తిగా పరాయివి అనేవాడికి ఆ ఏనుగు కనబడనట్టే.

కనబడదు, ఎందుకంటే ఎవరూ చూపించనివ్వరు. లోగడ ఒక సెప్టెంబరులో ఈ ఏనుగు గురించి పది నిమిషాలు మాట్లాడతానని మా సంఘం కార్యవర్గాన్ని అడిగితే, "కార్యక్రమంలో ఖాళీ లేదండీ, పిల్లల డాన్సులున్నాయి" అన్నారు. డాన్సులు అయిపోయాక అంత్యాక్షరి కూడా పెట్టారు. అదే కార్యవర్గం నిన్న రాత్రి మా ఆన్‌లైన్ కల్నల్ గారికి మైకు ఇచ్చి, స్కాటిష్ సైనిక సంప్రదాయాల గురించి "రెండు ముక్కలు" చెప్పమంది. ఆయన గూగుల్‌లో చూసి పావుగంట చెప్పారు, చివర్లో సెల్యూట్ కూడా చేశారు, అదీ ఎడమ చేత్తో, ఎందుకంటే కుడి చేతిలో మైకు ఉంది. మార్చిలో ఉగాది విందుకు ఆయన్నే ముఖ్య అతిథిగా పిలుస్తున్నారని పొద్దున గ్రూపులో చూశాను. ఆ తురాయి ఇంట్లో పెట్టి వస్తారని కార్యవర్గం హామీ ఇస్తే సరే, లేకపోతే నన్ను లెక్కలోకి తీసుకోవద్దు, చందా కోసం ఫోన్ కూడా చేయొద్దు.